మన గూడేల్లో నిరుద్యోగం లేదంట!

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఒక వార్త స్క్రీన్‌షాట్ పెట్టాడు. దేశంలో నిరుద్యోగం అందరికంటే ఎస్టీల్లోనే తక్కువ అని ఆ వార్త. కింద కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. కొందరు "ఇదంతా దొంగ లెక్క" అన్నారు. ఒక అన్న మాత్రం సీరియస్‌గా అడిగారు. "హైదరాబాద్‌లో ఇన్ని కంపెనీలుండి కూడా నిరుద్యోగం ఎక్కువంటారు. ఒక్క కంపెనీ లేని మన ఏజెన్సీలో తక్కువంటారు. ఇదెట్లా?" అని. మంచి ప్రశ్న. రెండు లైన్ల కామెంట్‌లో చెప్పేది కాదు. నేను చదివింది ఎకనామిక్స్, నాలుగేళ్లు హైదరాబాద్ రూముల్లో ఉన్నాను, ఇప్పుడు మా గూడెంలో ఉన్నాను. రెండు వైపులా చూశాను కాబట్టి రాస్తున్నా.

ముందు ఒక మాట. అది దొంగ లెక్క కాదు. లెక్క సరిగ్గానే ఉంది. అది దేన్ని లెక్కపెడుతోందో మనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ అంకెలు వచ్చేది పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వే నుంచి. కేంద్రం వాళ్ల జాతీయ గణాంక కార్యాలయం 2017 నుంచి చేస్తోంది. 2023 జూలై నుంచి 2024 జూన్ వరకు చేసిన సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో నిరుద్యోగ రేటు దేశం మొత్తంలో 3.2 శాతం. పల్లెల్లో 2.5, పట్టణాల్లో 5.1. అంటే పట్నంలో పల్లె కన్నా రెట్టింపు. కులాలు, తెగల వారీగా చూస్తే ఎస్టీల్లో 2 శాతం దగ్గరే ఉంటుంది, మిగతా అందరికంటే తక్కువ. తమ్ముడు పెట్టిన వార్త ఇదే.

ఇప్పుడు ఈ రేటు ఎట్లా కడతారో చూద్దాం. చాలామంది అనుకునేది, వంద మందిలో ఎంతమందికి ఉద్యోగం లేదో అదే నిరుద్యోగ రేటు అని. అట్లా కాదు. ముందు పని చేస్తున్నవాళ్లని, పని కోసం చూస్తున్నవాళ్లని కలుపుతారు. దీన్నే శ్రామిక శక్తి అంటారు. ఆ మొత్తంలో పని లేకుండా చూస్తున్నవాళ్లు ఎంత శాతమో అదే నిరుద్యోగ రేటు. పని వెతకడం మానేసి, వద్దనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈ లెక్కలోకే రారు. ఇక 'పని' అంటే జీతం ఉండాలని రూలేం లేదు. సొంత పొలంలో, ఇంటివాళ్ల దుకాణంలో పైసా తీసుకోకుండా సాయం చేసినా పని చేసినట్టే.

ఒక ఇంటిని తీసుకుందాం. అమ్మ, నాన్న, బీఎస్సీ అయిపోయిన అన్న, డీఎడ్ చేసిన చెల్లె. మూడెకరాల పోడు. ఆ మూడెకరాలకి నిజంగా ఇద్దరి చెమట చాలు. కానీ నలుగురూ పోతారు, ఎందుకంటే ఇంట్లో కూర్చుని చేసేదేముంది. సర్వే వాళ్లు వస్తే నలుగురినీ పని చేస్తున్నవాళ్లుగానే రాసుకుంటారు. ఆ ఇంట్లో నిరుద్యోగం సున్నా. గ్రూప్స్ పుస్తకాల్లో 'ప్రచ్ఛన్న నిరుద్యోగం' అని బట్టీ పట్టాం చూడండి, అది ఎక్కడో లేదు, మన పోడు చేలోనే నిలబడి కలుపు తీస్తోంది.

ఇప్పుడు ఆ అన్న భద్రాచలంలో రాత్రి బస్సెక్కి హైదరాబాద్‌లో దిగాడు అనుకోండి. ముగ్గురితో కలిసి రూం తీసుకున్నాడు, అప్లికేషన్లు పెడుతున్నాడు, ఇంకా ఏదీ రాలేదు. సర్వే వాళ్లు ఆ రూంకి వస్తే అతను నిరుద్యోగి. మనిషి అదే, డిగ్రీ అదే, చేతిలో లేని ఉద్యోగమూ అదే. ఒక్క బస్సు టికెట్‌తో పల్లె లెక్కలోంచి పోయి పట్నం లెక్కలో పడ్డాడు. మన ఏజెన్సీ రేటు సున్నాగానే ఉంది, హైదరాబాద్ రేటు ఒక మనిషంత పెరిగింది.

ఇంకో రూల్ కూడా ఉంది. సంవత్సరం మొత్తానికి లెక్క కట్టేటప్పుడు, ఒక మనిషి ఎక్కువ రోజులు పని లేక తిరిగినా, మధ్యలో ఒక 30 రోజులు ఏదైనా పని చేసి ఉంటే అతన్ని ఉపాధి ఉన్నవాడి కిందే వేస్తారు. పైన చెప్పిన 3.2 ఈ పద్ధతిలో వచ్చిందే. మనకి 30 రోజులంటే ఎంత? పత్తి ఏరే రోజులు, మిర్చి ఏరే రోజులు కలిపితే దాటిపోతుంది. తునికాకు, ఇప్పపువ్వు కలిపితే ఇంకా దాటుతుంది. మన ప్రాంతంలో సంవత్సరంలో 30 రోజులు కూడా పని చేయని యువకుణ్ణి చూపించమంటే నేను చూపించలేను. కాబట్టి ఈ పద్ధతిలో మనలో నిరుద్యోగి దొరకడమే కష్టం.

వారం పద్ధతి అని ఇంకోటి ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే. దొరకనివాళ్లని ఇందులో కాస్త బాగా పట్టుకుంటారు. అదే సంవత్సరం, అదే దేశం, వారం పద్ధతిలో చూస్తే 3.2 కాస్తా 4.9 అవుతుంది. 2025 నుంచి ఈ వారం పద్ధతిలో పల్లెలకీ పట్టణాలకీ కలిపి ప్రతి నెలా అంకెలు ఇస్తున్నారు. అందుకని ఎవరైనా "నిరుద్యోగం ఇంత" అంటే ఏ పద్ధతిలో అని ముందు అడగండి. ఒక పద్ధతి అంకెని ఇంకో పద్ధతి అంకెతో పోల్చి వార్తలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అట్లాగే మూడు నెలలకోసారి వచ్చిన రిపోర్టుల్లో తెలంగాణ పట్టణాలన్నిటికీ కలిపి ఒకే అంకె ఉంటుంది. దాన్నే కొందరు హైదరాబాద్ అంకె అని రాసేస్తారు. వరంగల్, ఖమ్మం, కొత్తగూడెం కూడా అందులోనే ఉంటాయి.

రూల్స్ ఒక ఎత్తు, మన ఇళ్లలో చెప్పే జవాబు ఒక ఎత్తు. మా గూడేనికి ఒకసారి ఏదో సర్వే వాళ్లు వచ్చారు. నేను అప్పుడు ఇంట్లో లేను. "మీ అబ్బాయి ఏం చేస్తాడమ్మా?" అని అడిగితే మా అమ్మ "పొలం పని చూసుకుంటడు, ఖాళీగా ఏం లేడు సారూ" అని చెప్పిందట. సాయంత్రం నాతో కూడా చెప్పింది, అదేదో నా పరువు కాపాడినట్టు. ఆమె అబద్ధం చెప్పలేదు. మన దగ్గర మనిషి ఖాళీగా ఉన్నాడంటే అది తిట్టు కిందే లెక్క. మా ఇంట్లో మాట్లాడే కోయలో 'నిరుద్యోగి' అని ఎవరూ అనరు, అనాల్సి వస్తే తెలుగు మాటే వాడతారు. పీజీ చేసిన కొడుకు ఉద్యోగం కోసం చూస్తున్నాడని చెప్పడం కంటే పొలం పని చేస్తున్నాడని చెప్పడం అమ్మకి గౌరవం. ఆ గౌరవమే కాగితం మీదికెక్కి "ఉపాధి ఉంది" అయిపోతుంది.

ఇదంతా నా ఊహ అనుకునేవాళ్లకి కరోనా టైం అంకెలు చూపిస్తా. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. ఆ ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల్లో దేశంలో పట్టణ నిరుద్యోగం వారం పద్ధతిలో 20 శాతం దాటింది. అంటే పని చేసేవాళ్లు, చూసేవాళ్లు కలిపి ఐదుగురిలో ఒకరు ఖాళీ. మనోళ్లు ఎట్లా వచ్చారో గుర్తుందిగా, కొందరు లారీలెక్కి, కొందరు నడిచి. ఇప్పుడు ఇది చూడండి. ఆ మూడు నెలలు కూడా కలిసిన సంవత్సరం, అంటే 2019 జూలై నుంచి 2020 జూన్ వరకు, దేశం మొత్తం నిరుద్యోగ రేటు సంవత్సరం పద్ధతిలో 4.8. అంతకుముందు ఏడాది 5.8. దేశమే మూతపడిన ఏడాదిలో నిరుద్యోగం ఒక శాతం తగ్గింది! ఆ తర్వాతి ఏడాది ఇంకా తగ్గి 4.2 అయింది.

ఎక్కడికి పోయారు ఆ మనుషులంతా? వ్యవసాయంలోకి పోయారు. పని చేసేవాళ్లలో వ్యవసాయం మీద ఉన్నవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం. రెండేళ్లలో అది 46.5 అయింది. భూమి ఏమన్నా పెరిగిందా? లేదు. పట్నంలో పని పోయినవాడు ఇంటికొచ్చి అదే మూడెకరాల్లో ఐదో మనిషిగా నిలబడ్డాడు. పట్నంలో ఉన్నన్నాళ్లు నిరుద్యోగి, ఊళ్లోకి రాగానే రైతు. మన పల్లెలు పట్నం నిరుద్యోగాన్ని కడుపులో దాచుకున్నాయి. ఆ దాచుకున్నందుకు మనకి దొరికిన సర్టిఫికెట్ "ఇక్కడ నిరుద్యోగం తక్కువ" అని.

ఆ తర్వాత కూడా ఈ ధోరణి పోలేదు. నిరుద్యోగ రేటు 2017-18లో 6 శాతం, 2023-24లో 3.2. సగానికి తగ్గింది. కానీ అదే కాలంలో నెల జీతం మీద పని చేసేవాళ్ల వాటా పెరగలేదు, 22.8 నుంచి 21.7కి తగ్గింది. పెరిగింది ఏంటంటే సొంత పని అనే ఖాతా, 52 నుంచి 58 శాతానికి. అందులోనూ ఇంటి పనిలో, పొలంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్లు 13.6 నుంచి 19.4కి పెరిగారు. పనిచేసే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి చేతికి పైసా రాదు. అయినా వాళ్లు నిరుద్యోగులు కాదు.

మరి హైదరాబాద్‌లో రేటు ఎందుకు ఎక్కువ? అక్కడ ఉద్యోగాలు లేక కాదు. ఒక్క ఐటీలోనే 2023 నాటికి 9 లక్షలకు పైగా మంది పని చేస్తున్నారని తెలంగాణ ప్రభుత్వమే చెప్పింది. అక్కడ ఉద్యోగాలు ఉన్నాయి కాబట్టే వాటి కోసం చూసేవాళ్లు ఉన్నారు. చూడాలంటే ఆగాలి, ఆగాలంటే వెనకాల డబ్బులుండాలి. నిరుద్యోగిగా ఉండటం కూడా ఒక ఖర్చే. రూం రెంట్, మెస్, లైబ్రరీ, కోచింగ్. ఇంటి నుంచి నెలనెలా పంపే నాన్న ఉంటేనే మనిషి ఏడాది, రెండేళ్లు నిరుద్యోగిగా ఉండగలడు.

గ్రూప్-1 సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు, 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, సెప్టెంబర్‌లో అదీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, ఆ అక్టోబర్‌లో మెయిన్స్ జరిగాయి. మొదటి నోటిఫికేషన్ నుంచి మెయిన్స్ వరకే రెండున్నరేళ్లు. అశోక్‌నగర్‌లో ఈ రెండున్నరేళ్లూ ఎవరు ఆగగలిగారు, ఎవరు ఆగలేకపోయారు? నాతో రూంలో ఉన్న మనోళ్లలో ఇద్దరు మొదటి రద్దుకే సామాన్లు సర్దుకున్నారు. ఒకతను ఇంటికి పోయాడు, ఇంకొకతను డెలివరీ బండి ఎక్కాడు. సర్వే ప్రకారం ఆ ఇద్దరి సమస్యా తీరిపోయింది. ఒకతను పొలంలో ఉన్నాడు, ఇంకొకతను సొంత పని చేసుకుంటున్నాడు. మా పక్క రూంలో సొంతిల్లు, షాపు ఉన్న ఇంటి అబ్బాయి మాత్రం ఆగాడు, చదివాడు. లెక్కల్లో నిరుద్యోగి అతనే.

అందుకే నేను అనేది, నిరుద్యోగ రేటు చాలావరకు ఆగగలిగే శక్తిని కొలుస్తుంది. ఆగే శక్తి ఉన్నచోట రేటు ఎక్కువ, లేనిచోట తక్కువ. చదువు విషయంలోనూ ఇంతే. అక్షరం రానివాళ్లలో నిరుద్యోగం ఒక శాతం కన్నా చాలా తక్కువ. పదో తరగతి, ఆపైన చదివినవాళ్లలో 2023-24లో 6.5 శాతం. చదువుకుంటే ఉద్యోగం పోతుందనా దీనర్థం? చదివినవాడు చదువుకి తగ్గ పని కోసం చూస్తాడు, చదవనివాడు ఏది దొరికితే అది చేస్తాడు, చేయకపోతే ఆ పూట గడవదు. 15 నుంచి 29 ఏళ్లవాళ్లలో దేశం మొత్తం మీద 10.2 శాతం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతకంటే ఎక్కువే. కేరళలో దాదాపు 30, ఆదివాసీలు ఎక్కువగా ఉండే మధ్యప్రదేశ్‌లో 3 కూడా లేదు. కేరళ పిల్లలు మధ్యప్రదేశ్‌కి పని కోసం వలస పోతున్నారా మరి?

అక్కచెల్లెళ్ల సంగతి ఇంకో రకం. పల్లెల్లో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 47.6 శాతం మంది శ్రామిక శక్తిలో ఉన్నారు, పట్టణాల్లో 28 శాతమే. గూడెంలో మగవాళ్లతో సమానంగా, ఇంకా ఎక్కువే కష్టపడ్డ పిల్ల పెళ్లయి హైదరాబాద్‌లో ఒక గది ఇంట్లోకి పోతుంది. పొలం లేదు, పిల్లల్ని చూసేవాళ్లు లేరు, బయటికి పోయి పని అడిగే ధైర్యం కూడా రాదు. సర్వేలో ఆమె ఉపాధి ఉన్నదీ కాదు, నిరుద్యోగీ కాదు. అసలు లెక్కలోనే లేదు.

ఈ అంకెల గోల మనకెందుకు అంటారేమో. జీవో నంబర్ 3 గుర్తుచేసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతాల స్కూళ్లలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఎస్టీలకే అని 2000లో ఇచ్చిన జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దగ్గర నెల జీతం వచ్చే పనులే తక్కువ. టీచర్, ఏఎన్ఎం, అంగన్‌వాడీ, ఫారెస్టు డిపార్ట్‌మెంట్, ఇట్లా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో పెద్ద దారి ఒకటి ఇరుకైపోయింది. డీఎడ్, బీఎడ్ చేసి కూర్చున్న పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. ఆ దెబ్బ నిరుద్యోగ రేటులో కనిపించిందా? ఆ తర్వాతి ఏళ్లలో పల్లెల రేటు దేశం మొత్తమ్మీద తగ్గింది. డీఎడ్ చేసిన చెల్లె మిర్చి ఏరడానికి పోయింది కాబట్టి లెక్క ప్రకారం ఎవరికీ ఏమీ కాలేదు.

రేపు ఎవరైనా మన దగ్గరికొచ్చి "మీ ప్రాంతంలో నిరుద్యోగం 2 శాతమే, ఐటీఐ ఎందుకు, స్టడీ సర్కిల్ బ్రాంచ్ ఎందుకు, బ్యాక్‌లాగ్ పోస్టులు ఇంత అర్జెంటుగా ఎందుకు" అంటే జవాబు మన దగ్గర ఉండాలి. "దొంగ లెక్క" అంటే మనల్ని పక్కకి నెట్టేస్తారు. "మీ లెక్క కరెక్టే సార్, దానితో పాటు ఈ మూడు కూడా చెప్పండి" అనాలి. మాలో నెల జీతం మీద ఉన్నవాళ్లు ఎంతమంది? ఇంటి పనిలో జీతం లేకుండా చేసేవాళ్లు ఎంతమంది? ఇంటర్ దాటినవాళ్లలో చదువుకి తగ్గ పని దొరికినవాళ్లు ఎంతమంది? ఈ మూడూ అడిగితే 2 శాతం మాట వెనక్కి పోతుంది.

సర్వే వాళ్లు మీ ఇంటికొస్తే, ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఉద్యోగం కోసం చూస్తున్నానంటే పరువు తక్కువ కాదని చెప్పండి. ఎన్ని రోజులు పనికి పోయారు, కూలి ఎంతొచ్చింది, ఏ ఉద్యోగానికి అప్లై చేశారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ చెప్పొద్దు, తక్కువా చెప్పొద్దు.

పట్నం పోవాలా వద్దా అని నన్ను అడిగే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. హైదరాబాద్‌లో నిరుద్యోగం ఎక్కువంట అని భయపడి ఆగొద్దు, అక్కడ ఉద్యోగాలున్నాయంట అని బస్సూ ఎక్కొద్దు. ఎన్ని నెలలు ఆగగలనో ముందు లెక్క వేసుకోండి. ఆరు నెలలకే డబ్బులుంటే ఆరు నెలల్లో చేతికొచ్చే పని నేర్చుకోవడానికి పోండి. రెండేళ్ల ప్రిపరేషన్‌కి అయితే ఎస్టీ స్టడీ సర్కిల్ సీటో, హాస్టలో చూసుకుని పోండి. అక్కడ మనల్ని వెనక్కి పంపేది తెలివి తక్కువై కాదు, ఎక్కువసార్లు మెస్ బిల్లే.

చివరగా ఒక పని పెట్టుకుందాం. ప్రభుత్వం మన గూడేనికి విడిగా లెక్క ఇవ్వదు, మనమే రాసుకోవచ్చు. ఒక్కో గూడెంలో, తండాలో ఒక నోట్‌బుక్ చాలు. 18 నుంచి 35 ఏళ్ల ప్రతి ఒక్కరికీ ఒక లైను. ఏం చదివారు, ఏ సంవత్సరం అయిపోయింది, పోయిన ఏడాది ఎన్ని రోజులు పనికి పోయారు, ఏ పని, చేతికి ఎంత వచ్చింది, పట్నం పోయి వెనక్కి వచ్చారా, వస్తే ఎందుకు. ఇద్దరు కూర్చుంటే రెండు ఆదివారాల పని. ఆ నోట్‌బుక్ గ్రామసభలో చదివి, తీర్మానం రాయించి, ఒక కాపీ ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రూపులో మాత్రం పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టొద్దు, మొత్తం అంకెలే పెట్టండి.

మా గూడేనిది మొదలుపెట్టాం. సగం ఇళ్లు అయ్యాయి, మిగతావి మిర్చి పనులు అయ్యాక చేస్తాం. అయిపోగానే ఇక్కడ పెడతా. మీ మండలంలో ఎవరు రాస్తారో కామెంట్‌లో చెప్పండి. ఫార్మాట్ కావాలంటే అడగండి, పంపిస్తా.